దాల్చినచెక్క వంతు

శ్రీలంక అనే మాట వింటే అందరికీ సముద్రం గుర్తుకొస్తుందేమో. నాకు మాత్రం మిరపకాయ బజ్జీల నూనె వాసన వస్తుంది. ఆ దేశం మ్యాపును మా మరిది పెద్ద కాగితం మీద ప్రింటు తీయించుకొచ్చి గోదాంలో చక్కెర బస్తాల మీద పరిచాడు. పరిచీ పరచకముందే దాని మీద బజ్జీల పొట్లం విప్పారు. కొండలూ తేయాకు తోటలూ ఉండాల్సిన చోటంతా నూనె దిగి, కాగితం కింద ఉన్న బస్తా మీది అక్షరాలు కనపడసాగాయి. మా మరిది మోటారుసైకిల్ తాళంచెవితో చెవిలో తిప్పుకుంటూ కూర్చుని, కాసేపయ్యాక అదే తాళంచెవితో ఊళ్లు చూపించడం మొదలుపెట్టాడు. టీ గ్లాసులు పట్టుకెళ్లిన నేను గుమ్మంలోనే ఆగిపోయాను.  అంత పచ్చటి దేశాన్ని వీళ్లు ఏం చూస్తారు, ఎట్లా చూస్తారు అని ఆ పూటే అనిపించింది.

మాది మహారాష్ట్ర అంచున, ప్రాణహిత ఒడ్డునున్న సిరోంచలో కిరాణా దుకాణం. మా మామగారు పెట్టింది. ఆయన పోయాక ముగ్గురు కొడుకులూ భాగస్తులయ్యారు: మా బావగారు, నా భర్త, మరిది. ముగ్గురివీ మూడు వంటిళ్లు, ఒకే పెద్ద వాకిలి. మామగారు పోతూ పోతూ దుకాణంతో పాటు ఒక పద్ధతి కూడా ఇచ్చిపోయారు. దాని పేరు వంతు. లారీ వస్తే ఎవరు నిలబడి సరుకు దింపించాలి, పండగపూట దుకాణం ఎవరు తెరవాలి, పుష్కరాలకు ప్రాణహితలో మునగడానికి వచ్చిన చుట్టాల్లో ఎవరెవరు ఎవరింట్లో దిగాలి, అన్నీ వంతు ప్రకారమే. అన్నదమ్ములు కొట్టుకోకుండా ఉండాలని పెట్టిన పద్ధతి. నిజంగానే కొట్టుకోలేదు కూడా. కానీ అందులో ఒక మెలిక ఉంది. వంతు ఉన్న మనిషి మాట అందరూ వినాలి, వంతు లేని మనిషిని ఎవరూ అడగక్కర్లేదు. దుకాణంలో వంతు మగవాళ్లది. ఆడవాళ్లకు ఏదైనా కావాలంటే మొగుడి వంతులోంచి గీరుకోవాలి.

ఈ శ్రీలంక పిచ్చి మాకు చంద్రపూర్ నుంచి అంటుకుంది. మా బావగారి భార్యను నేను పెద్దక్క అంటాను. ఆమె చుట్టాలు, వాళ్లూ దుకాణదారులే, ఆ దేశం తిరిగొచ్చి ఫోన్లలో ఫొటోలు పంపారు. ప్రతి ఫొటోలోనూ మనిషి ముఖమే నిండా ఉంది. వెనకాల ఏముందో దేవుడికే తెలియాలి. ఒకచోట చెవి పక్కన కొంచెం నీళ్లు కనపడితే అది జలపాతమని పెద్దక్క చెప్పింది. అవి చూసిన రోజు నుంచి బావగారికి అన్నం సహించలేదు. వాళ్లకన్నా మనం ఒక్క జాగ అయినా ఎక్కువ చూడాలన్నారు. చూడాలి అన్న మాట అనవసరంగా వాడారు, దిగాలి అంటే సరిపోయేది. బస్సు దిగడం, ఫొటో, ఎక్కడం. లారీలో ఖాళీ పోనీయకుండా సరుకు ఎట్లా కుక్కుతారో, వారం రోజుల్లో ఊళ్లు అట్లా కుక్కడం మొదలుపెట్టారు.

కుక్కడానికి కూడా వంతులే. ఇంటికొక జాగ. మిగిలినవి ఏజెంటు ఎట్లా చెబితే అట్లా. బావగారు తన వంతుకు కొండల్లో ఉన్న సీతమ్మ గుడి కోరుకున్నారు. సీతమ్మ మీద భక్తి ఉండి కాదు. తిరిగొచ్చాక గిరాకీలతో చెప్పుకోవడానికి అంతకన్నా మంచిది దొరకదని. మా మరిది కొలంబోలో రాత్రిపూట మాత్రమే చూడదగ్గదేదో ఉందన్నాడు. అదేమిటని పెద్దక్క అడిగితే ఆటలాడుకునే జాగ అన్నాడు. ఏం ఆటలో అక్కడున్న వాళ్లందరికీ తెలుసు, అయినా అందరూ తలలూపారు. తరవాత ఏనుగుల స్నానం మాట వచ్చింది. ఏనుగులు మన అహేరి అవతల అడవిలోనూ ఉన్నాయి కదా, ఏనాడైనా పోయి చూశారా అని నేను గుమ్మంలోంచే అన్నాను. నా వైపు ఎవరూ తిరగలేదు. బజ్జీలు అయిపోతే ఇంకో పొట్లం తెప్పించమన్నారు.

ఒక ఆదివారమంతా మరుగుదొడ్ల మీద చర్చ నడిచింది. ప్రతి హోటల్లోనూ బకెట్టూ మగ్గూ ఉంటాయా లేవా అని ఏజెంటును ఫోనులో నిలదీశారు. ఒకచోట లేవని తేలితే, ఆ ఊరి పేరు ఏమిటో, అక్కడ చూడాల్సింది ఏమిటో కూడా అడగకుండా కొట్టేశారు. ఇంకోచోట శాకాహారం దొరకదంటే దాన్నీ కొట్టేశారు. పాతకాలపు రాతి కోట ఒకటి ఎక్కడం కష్టమని పోయింది. సముద్రం ఒడ్డున ఒక ఊరు, ఎందుకో మరి, మా మరిది దాని పేరు పలకలేకపోయాడు కాబట్టి పోయింది. నేను పెళ్లికి ముందు మంచిర్యాలలో చదువుకున్న రోజుల్లో గోడకు వేలాడే మ్యాపు ముందు నిలబడి ఆ ద్వీపాన్ని ఎన్నిసార్లు చూసుకున్నానో. అది ఇట్లా మరుగుదొడ్ల లెక్కన నా చేతికొస్తుందనుకోలేదు. నాకు నిజంగా రోత పుట్టింది.

ఇక చిన్నమ్మ గురించి చెప్పాలి. ఆమె మా మామగారి చెల్లెలు. అన్నదమ్ములకు మేనత్త, వరసకు నాకు చిన్నమ్మ. చిన్న వయసులోనే భర్త పోతే అన్నగారింటికి వచ్చి, అప్పటినుంచి ఇక్కడే ఉంది. ఆమె ఏదో మూల కూర్చుని కన్నీళ్లు పెట్టుకునే రకం అనుకోకండి. నోరు గట్టిది. పొద్దున్నే వాకిట్లో ఎవరి చెప్పులు అడ్డంగా ఉన్నా వాటిని వీధిలోకి విసిరేస్తుంది, బావగారివైనా సరే. మా దుకాణం పేరు నిలబడింది ఆమె మసాలా వల్ల. ధనియాలు, ఎండుమిర్చి, లవంగాలు, యాలకులు, దాల్చినచెక్క అన్నీ విడివిడిగా వేయించి రోట్లో దంచుతుంది. పిండి గిర్నీలో పట్టిస్తే మాడు వాసన వస్తుందంటుంది. అంకిస ఊరి నుంచి వరి నాట్ల కాలంలో కూడా మనుషులు బండ్ల మీద వచ్చి, అమ్మ చేతి మసాలా ఉందా అని అడిగి పట్టుకుపోతారు. పొట్లం మీద ఉండేది మాత్రం దుకాణం పేరు.

ఆమెను కూడా శ్రీలంక తీసుకుపోతున్నామని బావగారు అన్నప్పుడు నేను ఒక్క క్షణం ఆయన్ను మంచివాడనుకున్నాను. తరవాత తెలిసింది. ఏజెంటు కొన్నిచోట్ల వంటిల్లు ఉన్న ఇళ్లు చూస్తానన్నాడట. బావగారు ఆ దేశం వాళ్ల చేతి వంట ముట్టనన్నారు. అక్కడ పప్పూ చారూ ఎవరు చేయాలి? పెద్దక్క చేయదు, మరిది భార్య పురిటికి పుట్టింటికి పోయి ఉంది, నేను చేస్తానని వాళ్లకు నమ్మకం లేదు. అందుకని చిన్నమ్మ.

చిన్నమ్మకు ఆ సంగతి తెలుసు. తెలిసీ సంతోషంగానే ఉంది. పాస్‌పోర్టు పని మీద జీపులో పోతుంటే కిటికీ పక్కన కూర్చుంటానని పంతం పట్టింది. పెద్దక్క కడుపులో తిప్పుతోందని ఎంత మొత్తుకున్నా లేవలేదు. ఆష్టి దగ్గర వైనగంగ వంతెన మీదికి రాగానే, జర ఆపమని, దిగి చూస్తానని అడిగింది. ఆమె తన కోసం ఏదైనా అడగడం నేను వినడం అదే మొదటిసారి. ముందు సీట్లో ఉన్న బావగారు వెనక్కి కూడా తిరగలేదు.

"గీ నీళ్లే గద అత్తా, తిరిగి తిరిగి మనూరికొచ్చేది. ఇంట్ల కూసోని సూడు."

జీపులో అందరూ నవ్వారు. నా భర్త కూడా నవ్వాడు. నిజమే, ఆ నీళ్లే ప్రాణహితలో కలిసి మా ఊరి పక్కనుంచి గోదావరిలోకి పోతాయి. కానీ ఆ వంతెన, ఆ వెడల్పు, ఆ ఇసుక తిన్నెల మీద ఆ రోజు కాసిన ఎండ మా ఊరికి రావు కదా. మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. వంతెన అప్పటికే దాటేశాం. ఆష్టి కూడలిలో అటుకుల పోహా తినడానికి మాత్రం ఎంతసేపు ఆపారో. బావగారు చట్నీ మళ్లీ మళ్లీ పోయించుకున్నారు. చిన్నమ్మ జీపులోంచి దిగలేదు.

ఆ తరవాత కొద్దిరోజులకు ఆమె మసాలా వేయిస్తుంటే నేను పక్కన కూర్చుని యాలకులు ఒలుస్తున్నాను. ఇల్లంతా ఘాటు. ఆమె పెనం మీద చెక్క ముక్కలు తిప్పుతూ, నా వైపు చూడకుండా అడిగింది.

"బిడ్డా, ఆ దేశంల దాల్చినచెక్క చెట్లు ఉంటయట గద. నిజమేనా?"

ఉంటాయన్నాను. సముద్రం ఒడ్డు వెంబడి రోడ్డు పక్కనే తోటలు ఉంటాయని, ఫోనులో చూశానని చెప్పాను.

"నా జిందగంత దంచుడే ఆయె. చెట్టు మీద ఎట్లుంటదో ఎరుకలేదు. ఆకు నలిపితె గూడ గదే వాసనొస్తదా ఏంది?"

నాకూ తెలియదన్నాను. ఫోను తెచ్చి బొమ్మ చూపించబోతే చెయ్యి అడ్డం పెట్టింది. బొమ్మ చూసుకుని పోతే అక్కడ చూసేదేముందని విసుక్కుంది. ఆ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. మా ఇంట్లో అన్ని రోజుల నుంచి ఆ దేశం గురించి ఇంత గొడవ జరుగుతుంటే, నిజంగా ఏదైనా చూడాలని ఉన్నది ఈమె ఒక్కదానికే.

ఆ వారం గోదాంలో కూర్చున్నప్పుడు నేనే ఆ మాట ఎత్తాను. చిన్నమ్మకు దాల్చినచెక్క తోట చూడాలని ఉంది, దారిలోనే కదా అన్నాను. చిన్నమ్మ అప్పుడే మంచినీళ్ల బిందెతో గుమ్మం దగ్గరికి వచ్చింది. బావగారు ఆమెను చూసి కూడా తగ్గలేదు.

"చెక్క సూడనీకి సముద్రం దాటాల్నా? గోదాంల బస్తాలున్నయ్ గద. తీస్కపోయి జూపియ్యండ్రి."

మా మరిదికి నవ్వు ఆగక నోట్లో ఉన్న బజ్జీ ముక్క మ్యాపు మీద పడింది. దాన్ని తీసి మళ్లీ నోట్లో వేసుకున్నాడు. చిన్నమ్మ బిందె దించి, కొంగుతో చేతులు తుడుచుకుని వెళ్లిపోయింది. నా ఒళ్లు మండిపోయింది. ఆమె మసాలా అమ్ముకుని కట్టుకున్న గోదాంలో కూర్చుని, ఆమె పోసిన నీళ్లు తాగుతూ, ఆమె ముఖం మీదే నవ్వుతున్నారు.

ఆ రోజు ఇంటికి రాగానే నా భర్తను పట్టుకున్నాను. మన వంతు ఇంకా ఎవరికీ చెప్పలేదు కదా, దాన్ని చిన్నమ్మకు ఇవ్వమన్నాను. ఆ దేశం కొండల్లో వంతెన మీద పోయే రైలు చూద్దామని నేను అంతకుముందు ఆయనతో అన్న మాట నిజమే. ఆ రైలు నాకొద్దు, తోట పెట్టించమన్నాను. ఆయన చెడ్డవాడు కాదు. అన్నగారి ముందు నోరు పెగలని మనిషి, అంతే. కానీ వంతు అనేది ఉంది చూశారా, దాన్ని వాడుకోవడానికి ధైర్యం అక్కర్లేదు. నా వంతు దాల్చినచెక్క తోట అని తరవాతి ఆదివారం ఆయన ఒక్క ముక్క అన్నాడు. ఎవరూ కాదనలేకపోయారు. బావగారు ముఖం మాడ్చుకుని ఏజెంటుకు చెప్పారు. నేను పరిగెత్తుకుంటూ పోయి చిన్నమ్మకు చెప్పాను.  ఆ సాయంత్రం ఆమె నా వంటింట్లోకి వచ్చి అడగకుండానే బియ్యం కడిగి పెట్టిపోయింది.

అక్కడితో అయిపోయి ఉంటే ఎంత బాగుండేది. తోట సంగతి రాసుకోవడానికి ఏజెంటు ఫోను చేసినప్పుడు, అక్కడ చెక్క కొనుక్కోవచ్చని, సరుకు కావాలంటే పంపే ఏర్పాటు కూడా ఉంటుందని నోరు జారాడు. బావగారి కళ్లలో ఒక వెలుగు వచ్చింది. ఆ వెలుగు నాకు తెలుసు. పక్క దుకాణం మూతపడిందని విన్నప్పుడు వచ్చేది అదే. అప్పటిదాకా దండగ అనుకున్న తోట ఒక్కసారిగా యాత్ర మొత్తానికి ముఖ్యమైపోయింది. సీతమ్మ గుడి దగ్గర ఆగే సమయాన్ని కూడా కొంత కోసి తోటకు కలిపారు. ఇంట్లో అందరూ దాల్చినచెక్క గురించే మాట్లాడటం మొదలుపెట్టారు. చెట్టు గురించి కాదు, రేటు గురించి.

రేటు మాట వచ్చాక పెద్దక్క తమ్ముడు రాక తప్పదు కదా. ఆయనకు మంచిర్యాలలో మసాలా దినుసుల టోకు వ్యాపారం. వచ్చి గోదాంలో కూర్చుని, గుట్కా నములుతూ, ఏ రకం చెక్కకు ఏ ఊళ్లో గిరాకీ ఉంటుందో చెప్పి, చెప్పినప్పుడల్లా మూలనున్న బకెట్లో ఉమ్మాడు. అది నేను నేల తుడవడానికి పెట్టుకున్న బకెట్టు. ఆయన లేకుండా తోటకు పోతే మోసపోతామని బావగారికి భయం పట్టుకుంది. కానీ మాట్లాడుకున్న చిన్న బస్సులో సీట్లన్నీ నిండిపోయాయి. ఇంకో సీటు వేయలేమని ఏజెంటు తేల్చేశాడు. అదే నోటితో ఇంకో మాట కూడా చెప్పాడు: మన వైపు వంట చేసే ఆంధ్ర వంటమనిషి ఒకడు అక్కడే బస్సు వెంట వస్తాడట, శాకాహారమేనట.

తరవాత ఏం జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. అయినా చెబుతాను, ఎందుకంటే వాళ్లు దాన్ని ఎంత మర్యాదగా చేశారో తెలియాలి. ముగ్గురన్నదమ్ములూ కలిసి చిన్నమ్మ దగ్గరికి వచ్చారు. బావగారు ఆమె మంచం మీద కూర్చుని ఆమె మోకాలి మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి చూస్తుంటే నాకు బల్లి కనపడినట్టు ఒళ్లు జలదరించింది.

"కొండలెక్కుడు దిగుడు చానా ఉంటదంట అత్తా. నీకు పరేషాన్ అయితది. నీ కోసం చెక్క మేం తెస్తం తియ్యి."

చిన్నమ్మ ఆయన చేతిని చూసింది. ఆయన తీశారు.

"చెక్క నా దగ్గరనే ఉన్నది బిడ్డా."

అంతే. మరిది ఫోను చూసుకుంటున్నాడు. నా భర్త గోడ చూస్తున్నాడు. బయటికి వచ్చాక నేను ఆయన్ను అడిగాను. ఆ తోట ఎవరి కోసం పెట్టించాం, మన వంతు ఎవరికి ఇచ్చాం అన్నాను. వంతు జాగకే ఉంటుంది, మనిషికి కాదు కదా అన్నాడు. జాగ ఉంది, మనం మాట తప్పలేదు అన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో నాకు ఆయన మీద కోపం వచ్చిన రోజులు చాలా ఉన్నాయి, అసహ్యం వేసింది ఆ రోజే. ఆ రాత్రి ఆయన ముందు కంచం పెట్టి, ఆయన కూర్చోకముందే లేచి వచ్చేశాను.

మర్నాడు చిన్నమ్మ దగ్గరికి పోయి, నా సీటులో నువ్వు పో అన్నాను. టిక్కెట్లు ఇంకా తీయలేదు, పేరు మార్చడం పెద్ద పని కాదు. ఆమె రోలు కడుగుతోంది. కడగడం ఆపకుండానే చెప్పింది.

"నీ వంతు నాకెందుకు బిడ్డా? నాది నాకుంటె పోతుంటి."

ఎంత బతిమాలినా వినలేదు. పైగా నన్నే పొమ్మంది. ఆ మనుషులతో ఆ బస్సులో కూర్చుని, ఆ గుట్కా వాసన పీలుస్తూ, ఆమె సీటులో కూర్చున్న మనిషి ముఖం చూస్తూ వారం రోజులు తిరగడం నా వల్ల కాదన్నాను. నా సీటు పెద్దక్క చెల్లెలికి పోయింది. మురుకులు, చెగోడీలు, మామిడికాయ తొక్కు, అన్నం వండే కరెంటు గిన్నె, బకెట్లు దొరకవేమోనని ఇంటికో మగ్గు సంచుల్లో పెట్టుకుని, నుదుట బొట్లతో, మెడలో దండలతో ఫొటో దిగి పోయారు. ఎస్టీ బస్సుల స్టాండు దగ్గర జీపు కదులుతుంటే బావగారు చిన్నమ్మకు చెయ్యి ఊపారు. ఆమె ఊపలేదు.

ఆ వారం మా వాకిట్లో ఎంత ప్రశాంతంగా ఉందో మాటల్లో చెప్పలేను. దుకాణం నేను తెరిచాను. చిన్నమ్మ వచ్చి గల్లాపెట్టె పక్కన కూర్చుంది. ఒక సాయంత్రం ఇద్దరం నదుల కలయిక దాకా నడిచి వెళ్లాం. కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చున్నాం. అవతల వైనగంగ నీళ్లు కూడా ఇందులో ఉన్నాయి కదా అని నేను అన్నాను. ఉన్నాయేమో, నాకేం తెలుసు అంది.

వాళ్లు తిరిగొచ్చారు. అందరికీ ముఖాలు నల్లబడ్డాయి, మరిదికి ఆ ఆటల జాగలో జేబు ఖాళీ అయింది, పెద్దక్కకు సీతమ్మ గుడి గుర్తులేదు కానీ అక్కడి మెట్ల దగ్గర చెప్పు తెగిన సంగతి గుర్తుంది. వాకిట్లో అందరూ కూర్చున్నాక, బావగారు ఒక సంచి నిండా దాల్చినచెక్క తెచ్చి చిన్నమ్మ ముందు పెట్టారు. సన్నగా, చుట్టలు చుట్టలుగా, బంగారు రంగులో ఉంది. నీ కోసమే అన్నారు. తోటలో రేటు బాగా కుదిరిందని, ఇక మీద సరుకు నేరుగా వస్తుందని చెప్పారు. చిన్నమ్మ ఒక చుట్ట తీసి వాసన చూసి పక్కన పెట్టింది. ఫొటోలు చూపించమంది.

బావగారు ఉత్సాహంగా ఫోను తీసి ఆమె పక్కన కూర్చున్నారు. నేను ఆమె భుజం మీదుగా చూశాను. ఒక రేకుల షెడ్డు. షెడ్డులో తాళ్ల మీద ఆరబెట్టిన చెక్క. చెక్క ముందు బావగారు. చెక్క ముందు పెద్దక్క తమ్ముడు. తక్కెడ. తక్కెడ ముందు ముగ్గురన్నదమ్ములు, రెండేసి వేళ్లు ఎత్తి. షెడ్డు గుమ్మం దగ్గర పెద్దక్క, ఆమె చెల్లెలు. మళ్లీ బావగారు. ఆయన వేలు తెరను నెడుతూనే ఉంది. తరవాత బస్సు. తరవాత ఏదో హోటలు.

"చెట్టేది బిడ్డా?" అంది చిన్నమ్మ.

బావగారు వెనక్కి నెట్టారు. షెడ్డు, తక్కెడ, షెడ్డు. ముందుకు నెట్టారు. మరిదిని అడిగారు, నీ ఫోనులో ఉందా అని. మరిది వెతికి లేదన్నాడు. నా భర్త తన ఫోను తీయను కూడా తీయలేదు. నేను ఆయన వైపు చూశాను, ఆయన లేచి లోపలికి పోయాడు.

"చెట్లు బయటున్నయ్ అత్తా. మస్తున్నయ్. లోపట రేట్లు మాట్లాడుడే సరిపాయె."

ఆకు నలిపి చూశారా అని ఆమె అడగలేదు. అడుగుతుందేమోనని నేను ఆమె ముఖమే చూస్తూ నిలబడ్డాను. అడిగి ఉంటే నేను ఆ ఫోనును తీసుకెళ్లి రోట్లో వేసేదాన్నేమో. ఆమె లేచి, కొంగు దులుపుకుని, వంటింటి అరుగు మీద ఉన్న రోకలి తెచ్చి పెద్దక్క చేతికి ఇచ్చింది. పెద్దక్క దాన్ని ఎట్లా పట్టుకోవాలో తెలియనట్టు పట్టుకుంది.

"రేపటి సంది మసాల దంచుడు గూడ వంతులేస్కోండ్రి. ముందుగాల పెద్దింటిది."

తమాషా అనుకున్నారు. మర్నాడు ఆమె నిజంగానే రోలు దగ్గరికి పోలేదు. పెద్దక్క దగ్గుతూ, తుమ్ముతూ, ధనియాలు మాడబెట్టి ఏదో దంచింది. దాన్ని పొట్లాలు కట్టారు. తరవాతి వంతు మాది. నేను రోకలి ముట్టనన్నాను, నా భర్త గిర్నీలో పట్టించుకొచ్చాడు. నాలుగు రోజులు తిరక్కముందే అంకిస మనుషులు పొట్లాలు తిరిగి తెచ్చి గల్లాపెట్టె మీద పెట్టారు. ఇది అమ్మ చేతిది కాదన్నారు. ఒకాయన కొంచెం నాలుక మీద వేసుకుని అక్కడే, దుకాణం మెట్ల ముందే ఉమ్మేశాడు. నాకు ఉమ్మడం చూస్తే పడదు కానీ, అది మాత్రం కళ్లారా చూశాను.

ఆ మధ్యాహ్నం బావగారు వచ్చి చిన్నమ్మ మంచం దగ్గర నిలబడ్డారు. ఈసారి కూర్చోలేదు, చెయ్యి వేయలేదు. గిరాకీ పక్క దుకాణానికి తిరిగిపోతోందని, పెద్ద మనసు చేసుకొమ్మని అడిగారు. ఆయన అట్లా అడగడం మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ వినలేదు. చిన్నమ్మ తమలపాకుకు సున్నం రాసుకుంటోంది. రాయడం అయ్యేదాకా ఆయన్ను నిలబెట్టింది. ఆకు మడిచి నోట్లో పెట్టుకుని, అప్పుడు తలెత్తి చూసింది.

"మసాల దినుసులన్నీ గోదాంలనే ఉన్నయ్ గద బిడ్డా. గిరాకొస్తె తీస్కపోయి జూపియ్యి."